ఐదుగురికి ఒక పట్టీ

ప్రయోగం మొదలై ఆ రోజుకు నూట పద్నాలుగు రోజులు. గుల్లపేట ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ఒకప్పుడు టీకాల ఫ్రిజ్ ఉండే గదిలో, గోడకు బిగించిన తెర మీద రెండు వందల చుక్కలు వెలుగుతున్నాయి. ఒక్కో చుక్క ఒక్కో మనిషి. పొద్దున పదింటిదాకా అన్నీ పచ్చగానే ఉన్నాయి. పది దాటాక నూట ముప్పై ఒకటో చుక్క ఎర్రబడింది.

"వచ్చింది!" అంటూ డాక్టర్ వకుళ కుర్చీలోంచి లేచిపోయింది. "పోలారావు గారూ, మొదటి కేసు! రక్తపరీక్ష కంటే రెండేళ్లు ముందు పట్టుకుంది చూడండి!"

పోలారావు చూడలేదు. నూట ముప్పై ఒకటి ఎవరిదో తెర చూసి తెలుసుకోవాల్సిన పని ఆయనకు లేదు. ఆ పట్టీ తన చేతులతోనే కట్టాడు. అది దాలమ్మది, ఆయన చెల్లెలి కూతురిది.

వకుళకు ఆయన మొహం చూశాక గాని గుర్తురాలేదు. కుర్చీలో మెల్లగా కూర్చుంది. "క్షమించండి. నాకు... సంతోషం కాదు నాది."

"సంతోషమేనమ్మా. సంతోషించాల్సిందే" అన్నాడాయన. "నా భార్యకు ఇట్లా ఒక్క ఎర్రచుక్క ముందే కనిపించి ఉంటే, ఈ రోజున నాకు అన్నం పెడుతూ నాలుగు తిట్లు తిడుతూ ఉండేది."

ఆ యంత్రం సంగతి ముందు చెప్పాలి. ముంజేతికి కట్టుకునే పట్టీ అది, వేలెడు వెడల్పు. లోపలివైపు ఉల్లిపొర లాంటి పొర ఒకటి ఉంటుంది. అది చెమటను పీల్చుకుంటుంది. కిడ్నీ లోపల ఎక్కడైనా గాయపడితే ఒక రకం ప్రోటీన్ బయటికి జారుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఒంట్లో అది ఎప్పుడూ కనిపించదు. తాళానికి దాని చెవే పట్టినట్టు, ఆ పొరలోని అణువులు ఆ ప్రోటీన్‌నే పట్టుకుంటాయి. చిక్కు ఎక్కడంటే, జబ్బు మొదట్లో ఆ ప్రోటీన్ రోజూ రాదు. నెలకు ఒకటి రెండు రోజులు కారుతుంది, మళ్లీ ఇరవై పాతిక రోజులు జాడ ఉండదు. అందుకే ఒక్క పరీక్షకు దొరకదు. మనిషి పట్టీ తీయకుండా అరవై రోజులు ఉండాలి. రెండుసార్లు కనిపిస్తే దీపం ఎర్రబడుతుంది. అప్పుడు మొదలుపెడితే, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే ఒక చిన్న మాత్ర చాలు, కిడ్నీ నిలబడుతుంది. కానీ జబ్బు లేనివాడు ఆ మాత్ర మింగితే, అది బాగున్న కిడ్నీని ఎండగడుతుంది. కాబట్టి ఎవరికి ఇవ్వాలో తెలియకుండా ఇవ్వడానికి లేదు.

ఇంత పని చేసే పట్టీని తయారుచేసింది ఆరుగురు మనుషులున్న కంపెనీ. వకుళ, ఆమె స్నేహితులు ఇద్దరు, ముగ్గురు టెక్నీషియన్లు. ఇట్లాంటి చిన్న కంపెనీల చెయ్యి పట్టుకుని సర్కారు ఆసుపత్రి గుమ్మం దాటించడానికి విశాఖలో 'వారధి' అని ఒక సంస్థ ఉంది. పోలారావు అందులో క్షేత్ర సలహాదారు. అంతకుముందు ముప్పై నాలుగేళ్లు ఇదే తీరంలో ల్యాబ్ టెక్నీషియన్. స్పిరిట్ దీపం మీద పరీక్షనాళికలో మూత్రం కాచి, తెల్లగా విరిగితే గుండె చిక్కబట్టుకున్న కాలం నుంచీ, ఈ తీరంలో ఇంటింటికీ ఉన్న ఈ కిడ్నీ జబ్బు ఆయనకు తెలుసు. భార్యను నాలుగేళ్లపాటు వారానికి మూడుసార్లు, తొంభై కిలోమీటర్లు బస్సులో, డయాలసిస్‌కు తీసుకెళ్లినవాడు. దారిలో ఎక్కడ రోడ్డు గతుకు పడుతుందో కళ్లు మూసుకుని చెప్పగలడు.

వారధిలో చేరాక ఆయన అయిదు కంపెనీలను గుమ్మందాకా తెచ్చాడు. అయిదూ గుమ్మంలోనే చచ్చిపోయాయి. పేదవాడి ఆసుపత్రికి వచ్చే ప్రతి కొత్త వస్తువూ 'పైలట్' అనే పేరుతో వస్తుంది. రిబ్బన్ కత్తిరిస్తారు, ఫొటో దిగుతారు, ఆరునెలలకు ఫైలు కట్టేస్తారు. వస్తువు మంచిదా చెడ్డదా అని ఆఖరికి ఎవడూ అడగడు. ఇది ఆరోది. దీన్ని మాత్రం చావనివ్వనని పోలారావు పంతం పట్టాడు.

ఆ పంతమే ఆయన చేత ఒక మాట అనిపించింది. దాని సంగతి తరవాత.

ఎర్రచుక్క వచ్చిన రోజే మధ్యాహ్నం ఎల్లాజీని మంచం మీద మోసుకొచ్చారు. నలభై ఏళ్ల మనిషి. పడవలో వల లాగుతూ లాగుతూ పడిపోయాడట. మొహం ఉబ్బింది, కాళ్లు ఉబ్బాయి. రక్తం తీసి చూస్తే కిడ్నీలు రెండూ అయిపోయాయి. అతని ముంజేతి మీద పట్టీ ఉంది. పట్టీ మీద దీపం నిండుగా, నిశ్చింతగా, పచ్చగా వెలుగుతోంది.

వకుళ ఆ దీపాన్నే చూస్తూ నిలబడిపోయింది. "నూట పద్నాలుగు రోజులు కట్టుకున్నాడు. కనీసం నాలుగు సార్లు పట్టుకోవాలి. ఒక్కసారీ పట్టుకోలేదు." ఆమె ఆయన వైపు తిరిగింది. "నా యంత్రం అబద్ధం చెప్పింది, పోలారావు గారూ."

ఎల్లాజీని పెద్దాసుపత్రికి పంపించారు. పోలారావు దాలమ్మ కోసం ఒక మాత్రల అట్ట చొక్కా జేబులో పెట్టుకుని గుల్లపేట ఒడ్డుకు నడిచాడు. యంత్రం ఎల్లాజీ విషయంలో తప్పితే దాలమ్మ విషయంలోనూ తప్పి ఉండవచ్చు కదా అని దారి పొడుగునా మనసులో ఒక దిక్కుమాలిన ఆశ.

పడవలు అప్పుడే వచ్చాయి. గుల్లపేటలో ఒక ఆచారం ఉంది. వేట ఒడ్డుకు చేరగానే మొదటి కుప్ప వేటకు వెళ్లనివాళ్లది. ముసలివాళ్లు, మంచాన పడ్డవాళ్లు, మగదిక్కు లేని ఆడవాళ్లు. దాన్ని ఒడ్డువాటా అంటారు. అది తీశాకే పడవవాళ్లు తమ వాటాలు వేసుకుంటారు. అయిదు చేపలు పడినా సరే, అందులో ఒకటి ఒడ్డుది. ఈ ఊళ్లో పుట్టినవాడికి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. పోలారావూ ఈ ఊళ్లోనే పుట్టాడు. అయినా ఆయనకు ఆ రోజుదాకా తట్టలేదు.

దాలమ్మ చేపలు ఏరుతోంది. మోచేతుల దాకా పొలుసులు. ముంజేతి మీద పట్టీ లేదు.

"పట్టీ ఏదే?" అన్నాడు.

"గురువులు బాబాయి కాడుంది మావా. నడుం నొప్పని మూలుగుతన్నాడు. నాలుగు రోజులు కట్టుకోమన్నాం."

"కట్టుకోమన్నారా? ఎవరు కట్టుకోమన్నారు? అది నీది కదే!"

"నాదేటి మావా, లాటరీలో మా ఇంటి పేరొచ్చింది. అంతే కదా?" దాలమ్మ చేతులు సముద్రం నీళ్లలో కడుక్కుంటూ మామూలుగా చెప్పింది. "పక్కింటి సింవాద్రోళ్లకి రాలేదు. గురువులు బాబాయికి రాలేదు. మా అత్తా, నానూ, సింవాద్రి, ఆడి పెళ్లాం, బాబాయి, అయిదుగురం కట్టుకుంతన్నాం. ఎవులికి వొంట్లో బాగోపోతే ఆలికి ముందు."

"ఊరంతా ఇంతేనా?"

"ఊరంతా ఇంతే. ఏటి, తప్పా?"

పోలారావు ఇసుకలో కూలబడ్డాడు.

నాలుగు వందల ఇళ్లు. ఇట్లాంటి ప్రయోగాలకు అనుమతిచ్చే ప్రభుత్వ మండలి నియమం ప్రకారం సగం ఇళ్లకు పట్టీ, సగం ఇళ్లకు లేదు. రెండేళ్ల తరవాత రెండు సగాలనూ పోల్చి చూస్తారు. పట్టీ ఉన్న ఇళ్లల్లో ప్రాణాలు ఎక్కువ నిలబడితే రాష్ట్రమంతా ఇస్తారు. లాటరీ చీటీలు పోలారావే తీయించాడు. జనం మొదట ఒప్పుకోలేదు. బెదిరిపోయారు. అప్పుడు ఆయన అరుగెక్కి, గొంతు చించుకుని, ఆ మాట అన్నాడు: "ఒరే, ఇది కట్టుకున్నవాడు బతుకుతాడర్రా!"

ఒక సగానికి బతుకు వచ్చిందని చెప్పాడు. మిగతా సగానికి రాలేదని చెప్పాడు. చెప్పింది ఎక్కడ? గుల్లపేటలో.

దాలమ్మ అత్త ఎర్నమ్మ బుట్ట దించి నడుం మీద చెయ్యేసుకుంది. "అన్నియ్యా, నువ్వే కదా సెప్పినావు, కట్టుకున్నోడు బతుకుతాడని. ఎదురింటోడు సచ్చిపోతంటే మేం పచ్చ దీపం ఎట్టుకుని కూకుంటామేటి?"

"చెల్లెమ్మా, ఎవరు ఏ రోజు కట్టుకున్నారో ఎక్కడైనా రాశారా? ఏదైనా గుర్తుందా?"

ఎర్నమ్మ నవ్వింది. "ఇచ్చినది రాసుకుంటారేటి, ఎర్రిబాగులోడా!"

పోలారావుకు ఇప్పుడు ఎల్లాజీ దీపం అర్థమైంది. ప్రోటీన్ కారిన రోజుల్లో పట్టీ ఇంకొకరి చేతిమీద ఉంది. యంత్రం అబద్ధం చెప్పలేదు. అది ఒక మనిషిని కాదు, ఒక వీధిని కొలిచింది. నూట ముప్పై ఒకటో చుక్కా అబద్ధం కాదు. ఆ అయిదుగురిలో ఎవరో ఒకరి కిడ్నీ లోపల గాయం ఉంది. ఎవరో ఒకరు.

జేబులో మాత్రల అట్ట గరగరలాడింది. ఇరవై ఎనిమిది మాత్రలు, ఒక్క ప్రాణం. కానీ ఇవ్వడానికి పేరు లేదు.

*

వకుళ వారం రోజులు కంప్యూటర్ ముందే కూర్చుంది. చివరికి తల అడ్డంగా ఊపింది. "అయిదు కుండల నీళ్లు ఒకే గంగాళంలో పోశాం. ఉప్పు తగులుతోంది, అది నిజం. ఏ కుండలోదని అడిగితే నేను చెప్పలేను. అయిదుగురికీ రక్తపరీక్ష చేశాను, ఏమీ కనిపించలేదు. ఇంకో రెండేళ్లకు కనిపిస్తుంది. అప్పటికి ఆలస్యమైపోతుంది."

"మళ్లీ మొదలుపెడదాం. అయిదుగురికీ అయిదు పట్టీలు."

"పట్టీలన్నీ మండలి లెక్కలో వస్తువులు. వాళ్ల అనుమతి లేకుండా ఒకటి కూడా మార్చడానికి లేదు."

సరే, మండలి దగ్గరికే వెళ్లారు.

అమరావతిలో పన్నెండో అంతస్తు. బల్ల చుట్టూ ఏడుగురు. చైర్మన్ చాలా మర్యాదస్తుడు. ఇట్లాంటి చోట మర్యాదస్తులతోనే అసలు కష్టం. కేకలేసేవాడి మీద మనమూ ఒక కేక వేయవచ్చు. టీ తెప్పించి, "మీ సేవ మాకు తెలుసండీ" అనేవాణ్ణి ఏం చేస్తాం?

పోలారావు ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో ఆయన ఒక్క నమూనా మార్చలేదు, ఒక్క రిపోర్టు దాచలేదు. ఇప్పుడు దాచాలన్న ఆలోచనే రాలేదు.

"అంటే నియమం ఉల్లంఘించారన్నమాట" అన్నాడు చైర్మన్, బాధగానే.

"ఉల్లంఘించలేదండీ. పంచుకున్నారు."

"మా పుస్తకంలో రెండిటికీ ఒకటే గడి ఉందండీ."

"అయితే ఆ పుస్తకం మార్చండి! అందరికీ తలా ఒక పట్టీ ఇవ్వండి. అప్పుడు పంచుకోవాల్సిన అవసరం ఎవడికుంటుంది?"

"అందరికీ ఇస్తే, పోల్చి చూడ్డానికి ఎవరు మిగులుతారు పోలారావు గారూ?"

పోలారావు బల్ల మీద గుద్దాడు. టీ కప్పులు గలగలమన్నాయి. "పోల్చడానికి మనుషులు కావాలా మీకు? నాలుగు వందల ఇళ్లల్లో ఏ ఇంటికైనా రండి, గోడ మీద దండేసిన ఫొటో చూపిస్తాను. వాళ్లతో పోల్చుకోండి! వాళ్లకు పట్టీ లేదు. వాళ్లు చచ్చిపోయారు. ఇంకేం లెక్క కావాలి?"

ఎవరూ కోప్పడలేదు. ఒకాయన తల దించుకున్నాడు. ఒకావిడ కళ్లు తుడుచుకుంది. ఆ తరవాత ఏడుగురూ సంతకం పెట్టారు. ప్రయోగం విఫలం. ఫలితాలు చెల్లవు. రెండు వందల పట్టీలనూ సాక్ష్యంగా సీలు చేసి అప్పగించాలి. గుల్లపేట జనాన్ని 'నియమపాలన లేని సమూహం' కింద చేర్చడమైనది, కాబట్టి అయిదేళ్ల వరకు ఆ ఊళ్లో ఏ కొత్త ప్రయోగానికీ అనుమతి లేదు.

లిఫ్టులో దిగుతూ వకుళ అంది, "మీరు చెప్పకుండా ఉంటే యంత్రం పనిచేయదని తేల్చేవాళ్లు. చెప్పినందుకు మనుషులు పనిచేయరని తేల్చారు."

పోలారావు పన్నెండు అంతస్తులు దిగేదాకా అంకెలు మారడమే చూస్తూ నిలబడ్డాడు.

నెల తిరగకుండా వకుళ కంపెనీని నగరంలోని ఒక పెద్ద సంస్థ కొనేసింది. అపార్ట్‌మెంట్లలో ఒంటరిగా ఉండే ఉద్యోగుల కోసమట. వాళ్లకు ఆ పట్టీ అద్భుతంగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ పక్క ఫ్లాట్‌లో ఎవరున్నారో ఎవరికీ తెలియదు. ఇంకొకరు కట్టుకుంటే పనిచేయకుండా వేలిముద్ర తాళం కూడా కొత్తగా పెడుతున్నారు.

ఆ వార్త చెప్పడానికి వకుళ గుల్లపేటకు వచ్చింది. ఫోన్‌లో చెప్పవచ్చు, కానీ వచ్చింది. ఆరోగ్య కేంద్రం మెట్ల మీద కూర్చుని తన చొక్కా చెయ్యి పైకి లాగింది. ముంజేతి మీద పాతబడిన పట్టీ ఒకటి.

"మొట్టమొదట చేసింది ఇదే. మండలి లెక్కలో లేదు. దీని లెక్కలు చూసే పాత సర్వర్ ఇంకో అరవై రెండు రోజులు నడుస్తుంది, ఆ తరవాత ఆపేస్తారు." పట్టీ విప్పి ఆయన చేతిలో పెట్టింది. "అరవై రోజులు ఒక్కరే. ఒక్క మనిషికే సరిపోతుంది. ఎవరికో మీరు చూసుకోండి. నన్ను అడగొద్దు."

ఆమె వెళ్లేటప్పుడు వెనక్కి తిరిగి చూడలేదు. పోలారావు తప్పుపట్టలేదు.

*

అయిదుగురినీ ఎర్నమ్మ ఇంటి పంచలో కూర్చోబెట్టాడు. చీటీలు వేయలేదు. ఆయన మనిషే, దేవుడు కాదు. పట్టీ తిన్నగా దాలమ్మ చేతికి కట్టాడు. దాలమ్మకు ఇరవై ఆరేళ్లు, ఒళ్లో రెండేళ్ల పిల్ల. మిగిలిన నలుగురి మొహాలూ చూడకుండానే చెప్పాడు, "అరవై రోజులు. తియ్యొద్దు. స్నానానికీ తియ్యొద్దు. ఎవరికీ ఇవ్వొద్దు. ఎర్రబడితే మాత్ర వేసుకుంటావు, బతుకుతావు."

"పచ్చగా ఉంటే మావా?" అంది దాలమ్మ.

"పచ్చగా ఉంటే నీకేం లేదు."

"అప్పుడు ఈ నలుగురిలో ఉన్నట్టు కదా."

ఆయన పట్టీ కొసను మళ్లీ ఒకసారి సరిచేశాడు.

"అదే మంచిది మావయ్యా, దానికే కట్టు" అన్నాడు సింహాద్రి. అతని భార్య కూడా తల ఊపింది. వల అల్లే గురువులు బీడీ ఆర్పి, "సంటిపిల్ల తల్లి. ఇంక మాటేటి?" అన్నాడు. ఎర్నమ్మ కోడలి భుజం తట్టింది. అందరూ ఒప్పుకున్నారు. ఒక్కరి గొంతులోనూ చిన్న వంకర లేదు. అప్పుడే పోలారావు భయపడి ఉండాల్సింది.

ఇరవై నాలుగు రోజులు గడిచాయి. తెర తీసేశారు గనుక ఊళ్లోకి వెళ్లి దీపం చూడ్డమే దారి. మొదటి రెండుసార్లూ దాలమ్మ చేతికే ఉంది. మూడోసారి ఆయన చెప్పకుండా వెళ్లాడు. మిట్టమధ్యాహ్నం, పడవలు ఇంకా రాలేదు. గురువులు చింతచెట్టు నీడలో వల అల్లుకుంటున్నాడు. దారం చుట్టిన కండె పోతూ వస్తూ ఉంది. ముంజేతి మీద పచ్చ దీపం.

పోలారావు "గురువులూ!" అని అరిచిన అరుపుకు ఇళ్లల్లోంచి జనం బయటికొచ్చారు. "సిగ్గుందా నీకు? పిల్ల తల్లి నోటిదగ్గరి ముద్ద లాక్కుంటావా?"

గురువులు కండె కింద పెట్టాడు. తిట్లన్నీ పడ్డాక పట్టీ విప్పి చాపాడు. "నానడగనేదు బావూ. ఒల్లనన్నాను. నానంటే ఇంటాదా అది?"

దాలమ్మ వచ్చి నిలబడింది. చంకలో పిల్ల.

"ఏమే, నేను నీకేం చెప్పాను?" పోలారావు ఆమె మీదికి తిరిగాడు. "ఇంకో ముప్పై ఆరు రోజులు ఓర్చుకోలేకపోయావా? మీ అమ్మమ్మను, నా పెళ్లాన్ని ఎట్లా మోశామో చూడలేదా నువ్వు?"

"సూసినాను మావా." ఆమె కళ్లలో నీళ్లు లేవు. "పన్నెండు రోజులు కట్టుకున్నాను. రోజూ పొద్దున లేచి దీపం సూసుకునేదాన్ని. పచ్చగా ఉంటే బతికీసినాను అనుకునేదాన్ని. అంతలోనే సింవాద్రి పెళ్లాం నీళ్లకెళ్తా కనిపించేది. అయితే నువ్వేనేటే అని దాని మొకం కేసి సూసేదాన్ని. దాని మొకంలో జబ్బు ఎతుక్కునేదాన్ని మావా! నాకు కాదు, దానికే రావాలని. పన్నెండు రోజులు ఆ బుద్ధితో బతికినాను." పిల్లను ఇంకో చంకకు మార్చుకుంది. "అది నా వల్ల కాదు. పన్నెండేసి రోజులు అయిదుగురం. ఎవులి దగ్గర దొరికితే ఆలికి దొరికినట్టు."

"దొరకదే! పన్నెండు రోజుల్లో దొరకదు! రెండుసార్లు కనిపించాలి, అరవై రోజులు కావాలి, ఎన్నిసార్లు చెప్పాలే మీకు!"

"సెప్పినావు. అర్తమైంది." దాలమ్మ తల వంచుకుంది. "అయినా ఇంతే మావా."

పోలారావు చుట్టూ చూశాడు. కొట్టడానికి ఎవరూ లేరు. తిట్టడానికి ఎవరూ లేరు. అన్నీ అర్థమైన మనుషులు, అర్థమై కూడా ఇంతే చేసే మనుషులు ఆయన చుట్టూ నిలబడి, ఆయన ఎక్కడ పడిపోతాడోనని చూస్తున్నారు. ఎవరో మంచినీళ్లు తెచ్చారు. గురువులు లేచి తన పీట ఆయనకు వేశాడు.

ఎర్నమ్మ గురువులు చేతిలోని పట్టీ తీసుకుంది. చీర చెంగుతో దాని లోపలి పొర తుడిచింది. పోలారావు ముందు గొంతుక్కూర్చుని ఆయన కుడిచెయ్యి తన ఒళ్లోకి లాక్కుంది.

"ఏం చేస్తున్నావు చెల్లెమ్మా?"

"ఉండన్నియ్యా. అందరికీ కట్టినావు. వదిన పోయినాక నిన్నెవులు సూసినారు? ఈ నీళ్లు తాగే కదా నువ్వూ పెరిగినావు. రెండ్రోజులు నువ్వూ కట్టుకో."

"వద్దు. రోజులు పోతాయి. గురువులువి పోతాయి."

"పోతే పోనీ బావూ" అన్నాడు గురువులు. "నా రోజులే కదా."

ఆయన చెయ్యి వెనక్కి లాక్కోవాలనుకున్నాడు. ముప్పై నాలుగేళ్ల టెక్నీషియన్ లోపల నుంచి అరుస్తున్నాడు, ఇది తప్పు, ఈ రెండు రోజులూ దండగ, దీనివల్ల ఒక్క ప్రాణానికీ ఉపయోగం లేదు అని. చెయ్యి మాత్రం కదల్లేదు. ఎర్నమ్మ వేళ్లు చేపలు ఒలిచి ఒలిచి కాయలు కాసిన వేళ్లు. మెల్లగా, బిగుతు కాకుండా, బిడ్డకు మొలతాడు కట్టినట్టు కట్టింది.

పట్టీ చెమటను తాకింది. పచ్చ దీపం వెలిగింది. పోలారావు జేబులో మాత్రల అట్ట అలాగే ఉంది. దూరంగా పడవలు వస్తున్నాయి. ఒడ్డున ఎవరో అప్పుడే మొదటి కుప్పకు చోటు ఊడుస్తున్నారు.